ఎనిమిదోదాన్ల ఒక చెయ్యి

"కాలిపోయిందో ఏందో, వేడి ఎక్కుతలేదు"
ఈదమ్మ ఇస్తిరిపెట్టెను బల్ల మీద దించింది.
వంగూర్ గేటుకాడ నా దుకాణం,
పక్కన పంచరు, ఎదురుంగ పల్లీల మిల్లు.
పొద్దుగూకి గంట అయితుంది,
బల్బు పసుపు నీళ్లల్ల ముంచి తీసినట్టున్నది.

నట్లు విప్పిన. తీగ తెగలేదు.
మైకా రేకు చుట్టూ వరుసగ,
ఎర్రగయ్యి ఎర్రగయ్యి నల్లబడ్డది, అంతే.
థర్మోస్టాటును ఎన్నడో పీకి
నేరుగ కలిపిండ్రు ఎవరో.
మీటరు పుల్లలు ఆనిస్తే నలభై ఆరు.

బడిల దీన్ని నిరోధం అని రాపిచ్చిండ్రు.
మా ఉస్తాద్ గఫార్ సాబు జిద్దు అనేటోడు.
"వోల్టులను ఆంపులతోటి భాగించు బేటా,
ఎవని జిద్దు ఎంతనో బయటపడ్తది."
సక్కటి కరెంటు రెండొందల ముప్పై.
దానికి ఈ తీగ ఐదు ఆంపులను పోనిస్తది.
నెట్టేదాన్నీ నడిచేదాన్నీ గుణిస్తే పని:
పదకొండు వందల యాభై వాట్లు.
పెట్టె వీపు మీది రేకుల గూడ
అదే అంకె, సగం అరిగి, సున్న మిగిలి.

పెట్టె మంచిదే. మరి ఏంది?
గోడకున్న ప్లగ్గుల పెట్టి చూసిన.
నూటా అరవై.
చేన్లల్ల బోర్లన్నీ ఒక్కపారే మొదలైనయి,
ఊడలు దిగే పల్లీకి నీళ్లు ఆగయి గద,
ఒక్క ట్రాన్స్‌ఫార్మర్
ఎంతమంది నోట్లె పోస్తది?

బిల్లుబుక్కు ఎనకదిక్కు లెక్క ఏసిన.
జిద్దు మారదు, అదే నలభై ఆరు.
(వేడికి రవ్వంత మారుతది, ఇక్కడ దాని ముచ్చట వద్దు.)
నూటా అరవైని భాగిస్తే
మూడున్నరకు చిటికెడు తక్కువ.
గుణిస్తే ఐదు వందల యాభై ఆరు.
మళ్లొకసారి ఏసిన, నమ్మబుద్ధి కాక.
వోల్టేజీ పడ్డది మూడోవంతు గూడ కాదు,
పనిల మాత్రం సగం గూడ మిగల్లే.
నెట్టుడు తగ్గె, దాంతోటి నడుసుడూ తగ్గె,
తగ్గినదాన్ని తగ్గినదానితోటే గుణిస్తిమి.
ఇన్నేండ్లు ఇదే పనిల ఉండి
ఇయ్యాల ఏందో కొత్తగ కొట్టింది నాకు.

కాయితం చూపెట్టుకుంట అంతా చెప్పిన.
ఈదమ్మ కొంగుతోటి మెడ తుడుసుకున్నది.
"గిదంతా నాకెరకలేదు బిడ్డా.
పొద్దుగాల గంటకు పదిహేను చొక్కాలు చేస్త.
గీ యాళ్లకైతే ఏడు.
ఎనిమిదోదాన్ల ఒక చెయ్యి."

నేను ఊకోలే. పదిహేనును
ఐదు వందల యాభై ఆరుతోటి గుణించి
పదకొండు వందల యాభైతోటి భాగించిన.
ఏడుంబావు.
పావు చొక్కా అంటే
కాలరు కాదు, వీపు కాదు,
ఒక చెయ్యే.

"మరి సగమే వస్తుంటే
బిల్లు గూడ సగమే రావాలె గద?"
రెండింతల సేపు పెడ్తున్నవు గద ఈదమ్మా,
అవే చొక్కాలు, అవే యూనిట్లు.
"సేపు?" అన్నది.
మిల్లుల పల్లీలు గలగల రాలుతున్నయి.
ఆమెనే మళ్ల, "డిపోకాడి ఖాకీలు ఇరవై ఉన్నయి.
మూడు గొట్టంగ లేస్త తీయ్,
అప్పుడు ఎవ్వని మోటరు ఉండదు."

నట్లు బిగించి ఇచ్చిన.
ఎంత అంటే ఏమొద్దన్న,
చెడిపోంది ఏం బాగుచేసిన అని.
"లెక్క చేస్తివి గద" అని
బల్ల మీద పది నోటు పెట్టి పోయింది.
పాత నోటు,
ఒక్క మడత లేదు.